హేమశ్రీ ప్రిపరేషన్

పెందుర్తిలో హేమశ్రీ ఉండే వీధిలో ఆమెకి మంచి గౌరవముండేది. కారణం, ఆమె టెట్‌కి చదువుతోంది. సర్కారు బడిలో చిన్నపిల్లల టీచరు కావాలంటే ముందు నెగ్గాల్సిన ఆ అర్హత పరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పింది. తప్పినకొద్దీ గౌరవం పెరిగిందే కానీ తగ్గలేదు. అంత చదివే పిల్లకే రాలేదంటే పరీక్ష ఎంత గట్టిదోనని జనం జాలిపడేవారు.

అత్త తాయారు పద్మనాభం ఊళ్లో పొలం చూసుకుంటూ, వీలైనప్పుడల్లా బస్సెక్కి కూరగాయలు తెచ్చేది. కోడలి చేతిలో పుస్తకం కనబడితే చాలు, చీపురు తానే అందుకునేది.

"నువ్వు సదువుకోయే అమ్మా, నాను ఊడ్సెత్తాను."

హేమశ్రీకి సిగ్గేసేది. సిగ్గేసినా పుస్తకం మాత్రం దించేది కాదు. పెళ్లికి పిలిస్తే ప్రిపరేషన్, పేరంటానికి పిలిస్తే ప్రిపరేషన్. అందులో సగం, ఏ వేళ ఏ సబ్జెక్టు చదవాలో రంగు పెన్నులతో గళ్లు గీసుకోవడానికే పోయేదనీ, మిగతా సగం ఫోన్లో పాఠాలు వింటూ కునుకు తీయడానికి పోయేదనీ ఆమెకొక్కర్తెకే తెలుసు.

అయితే శిశు వికాసం అనే సబ్జెక్టు మాత్రం కొట్టిన పిండి. ఏ వయసు పిల్లలు ఎలా ఆలోచిస్తారు, ఎప్పుడు మెచ్చుకుంటే ఎలా దారికొస్తారు, నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఆమెకి పిల్లల్లేరు కాబట్టి ఆ సిద్ధాంతాలకి ఎదురు చెప్పేవాళ్లూ లేరు.

బళ్లు తెరిచిన కొత్తలో, వీధి చివరి ప్రైవేటు బడి హెడ్‌మిస్ట్రెస్ జ్యోతిర్మయి ఇంటికొచ్చింది.

"ఒకటో తరగతి టీచరు పురిటికెళ్లింది, హేమా. నువ్వొచ్చి ఆ పిల్లల్ని చూడాలి."

"ప్రిపరేషన్లో ఉన్నానండీ," అంది హేమశ్రీ అలవాటుగా.

"ఇంతకన్నా ప్రిపరేషన్ ఏముంటుందమ్మా?"

స్టీల్‌ప్లాంట్‌లో డ్యూటీ దిగొచ్చి పడుకున్న భర్త సాయిశంకర్ గదిలోంచి పకపకా నవ్వాడు. "ఎల్లవే, ఎల్లు! అంతా వచ్చన్నావు కదేటి!"

ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

మర్నాడు ఇస్త్రీ చీర కట్టుకుని తరగతిలో అడుగుపెట్టింది. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, పుస్తకంలో ఉన్నట్టే చిరునవ్వు నవ్వింది. ఆ నవ్వు చూసి నిఖిత అనే పిల్ల భోరుమంది. దాన్ని చూసి పక్కది, పక్కదాన్ని చూసి వెనకది. ఏడుపు వాన కమ్ముకొచ్చినట్టు తరగతంతా కమ్ముకుంది. సుమంత్ ఒక్కడే ఏడవకుండా ముక్కు గోక్కుంటున్నాడు. మంచి ప్రవర్తనని వెంటనే మెచ్చుకోవాలన్న సూత్రం గుర్తొచ్చింది.

"సుమంత్ చూడండి, ఎంత బుద్ధిమంతుడో! అందరూ చప్పట్లు కొట్టండి!"

సుమంత్ తలెత్తి చుట్టూ చూశాడు. అందరూ ఏడుస్తున్నారన్న సంగతి వాడికప్పుడే తెలిసింది. వాడూ అందుకున్నాడు.

హేమశ్రీకి తెలిసిన సిద్ధాంతాలన్నీ అయిపోయాయి. నేల మీద చతికిలబడి, ఇస్త్రీ చీర కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుని తానూ ఏడ్చేసింది.

పిల్లలు ఒక్కొక్కరే ఏడుపాపి ఆమెకేసి చూశారు. టీచరు ఏడవడం పిల్లలకి కొత్త. నిఖిత దగ్గరికొచ్చి తన నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది.

"తాగండి టీచర్. ఏడుపు తగ్గిపోతాది."

హేమశ్రీ తాగింది. నిజంగానే తగ్గింది. ముక్కు తుడుచుకుని, "మరి నువ్వెందుకు ఏడ్చావే?" అని అడిగింది.

"బాత్రూం ఎక్కడుందో నాకు తెల్దు," అంది నిఖిత.

ఇన్నేళ్లు పిల్లల మనస్తత్వం చదివింది కానీ, కొత్తగా వచ్చిన పిల్లకి ముందు బాత్రూం చూపించాలని తట్టలేదు. లేచి, అందర్నీ ఒకరి చొక్కా ఒకరు పట్టుకోమని, రైలు కట్టించి తీసుకెళ్లింది. ఆ రోజు పాఠం అదొక్కటే.

మర్నాడు మానేద్దామనుకుంది. కానీ గేటు దగ్గర నిఖిత ఎదురుచూస్తుంటుందేమోననిపించి వెళ్లింది. ఆ మర్నాడూ అలాగే. సాయంత్రానికి ఒళ్లు హూనమై గళ్లు గీసే ఓపిక ఉండేది కాదు. దొరికిన కాసేపూ నేరుగా పుస్తకమే చదివేది.

పరీక్ష రోజు కంప్యూటర్ తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. తరగతిలో పిల్లవాడు ఏడుస్తుంటే ఉపాధ్యాయుడు చేయవలసినదేమిటి? నాలుగు జవాబులూ చదివింది. బాత్రూం ఎందులోనూ లేదు. నవ్వు తన్నుకొచ్చి కిసుక్కుమంటే కాపలా ఆయన గుడ్లురిమాడు.

ఈసారి గట్టెక్కింది. లెక్కల్లో మార్కులు బాగా వచ్చాయి, సుమంత్ బృందానికి తీసివేతలు నేర్పిన పుణ్యం. అన్నిటికన్నా తక్కువ వచ్చింది శిశు వికాసంలోనే.

"కొట్టిన పిండన్నావు. గాలికెగిరిపోయిందేటే?" అన్నాడు సాయిశంకర్.

కబురు తెలిసిన మర్నాడే తాయారు మొహం వెలిగిపోతూ దిగింది.

"ఉద్దోగం ఏ ఊర్లో ఇచ్చారే?"

"ఇది పాసైతే ఉద్యోగం రాదత్తా. డీఎస్సీ అని ఇంకో పరీక్షుంది. అది రాయనిస్తారు, అంతే."

తాయారు మంచం మీద కూలబడింది. "ఓలమ్మ! పరీచ్చ రాయడానికి పరీచ్చేటే?"

"అవునత్తా."

"కోడలు గవర్మెంటు టీచరైపోనాదని ఊరంతా లడ్డూలు పంచేసినాను. ఇప్పుడెనక్కడిగితే ఇత్తారేటి?" చెంగుతో మొహం తుడుచుకుని ఒక్క క్షణం ఆలోచించింది. "ఆళ్లకి నానేటీ సెప్పను. నువ్వే ఏగిరం ఆ రెండోదీ రాసెయ్."