పేరిశాస్త్రి పోసిన నీరు

నిదాఘమధ్యాహ్నమార్తాండ ప్రచండకిరణ సంతప్తంబులై పెద్దాపురపు వీథులు నిర్జనంబులై యుండ నూతులయందు జలం బడుగంటి చేదలకు జిక్కకుండ సకలతరులతాగుల్మంబులును వాడి తలలు వ్రేల్చియుండ, పేరిశాస్త్రి లోగిటిలోని మట్టికుండలయందు మాత్రము కలబందలును రణపాలలును బొంతజెముళ్లును నీటిలో దేలుచుండెను. ఆ నీరు పోయుచున్నవాడు పేరిశాస్త్రియే.

అతని భార్య జోగమాంబ యలిగి జగ్గంపేటలోని పుట్టినింటికి బోయి చాల దినములయ్యెను. ఆ సాధ్వి యీ మొక్కలను బిడ్డలవలె బెంచినదే కాని, యిసుక కలిపిన మన్ను చక్కగా నెండినగాని చుక్క నీరు పోసి యెఱుగదు. ఒకనాడు బంధువులు వినుచుండగా పేరిశాస్త్రి "మొక్కకు గ్రుక్కెడు నీరు పోయనోపని బద్ధకపుటాలికి మగని యాకలి యేమి తెలియును?" అని పరిహసించెను. ఆమె మూట గట్టుకొని వెడలెను. నోరు మంచిదైన నూరు మంచిదగునని పదిమందికి బోధించు పండితునకు తన నోటి సంగతి తెలియకపోయెను.

నాటినుండి యతనికి తిన్న యన్నము రుచింపదు, పట్టిన గ్రంథము సాగదు. ఆమె వచ్చునప్పటికి మొక్కలు పచ్చగా నుండవలెనని రెండుపూటలను నీరు పోయదొడగెను. ఆకు పసుపెక్కిన దప్పిక గాబోలునని మఱికొంత పోసెను. కడకు వేళ్లు కుళ్లి యొక్కొక్కటియే యొరిగెను.

అంతలో బావమఱది విస్సన్న బండి తోలుకొని వచ్చి "బావగారూ, అక్క తన మొక్కలను దెమ్మన్నది" అనెను. మొక్కలు కూడ వెడలిన నామె మరల వచ్చుట కల్ల యని పేరిశాస్త్రి తలచెను. బ్రదికిన దొకటైన నున్నదేమో యని యిల్లెల్ల వెదకగా నటుక కిటికీకడ పగిలిన మూకుటిలో తానిన్నాళ్లును జూడని కలబంద యొకటి ముడుతలు పడియు బ్రదికియుండెను. దానిని ఒడిలో బెట్టుకొని తానును బండి యెక్కెను.

జోగమాంబ యాకు నొత్తి చూచి "తక్కినవో?" అనెను.

"కుళ్లినవి. నీమీది బెంగతో రేపుమాపు నీరు పోసితిని."

"మఱి యిదెట్లు బ్రదికినది?"

"దీనిని మఱచితిని."

ఆమె పెదవులపై నవ్వు పొడసూపి మాయమయ్యెను.

"నా మాట తప్పు. ఇంటికి రమ్ము. నీవు లేక యుండలేకున్నాను" అని పేరిశాస్త్రి తల వంచెను.

ఆమె మూకుటిని నీడకు జరిపి, "ఇప్పుడు రాను. నా మనసు తడి యాఱలేదు. పక్షమున కొకమారు వచ్చి చూచి పొండు. అంతకంటె దఱచు వలదు" అనెను.

పేరిశాస్త్రి మరల బండి యెక్కెను. బండి కదలుచుండ వెనుకకు ద్రిప్పు మను మాట నాలుకచివరకు వచ్చెను. దానిని మ్రింగి, గడపలో నిలిచిన యామెను కనుమఱుగగువఱకు జూచెను. ప్రేమించుట యతనికెన్నడును కష్టము గాలేదు. చేయి ముడుచుకొని యోర్చుటయే కష్టము. నాటి సాయంకాలమే యతడు పక్షమునకు దినములు లెక్కింప మొదలిడెను.