గోల లేని గదిలో స్పీకర్

నేను ఒక స్పీకర్‌ని. హైదరాబాద్‌లో ఒక చిన్న కార్ఖానాలో పుట్టి, మొదట రేడియో స్టేషన్‌కి వెళ్ళాను. అక్కడివాళ్ళు తమ గొంతు తామే నాలో విని మురిసిపోయేవారు. కొత్త సామాను వచ్చాక నన్ను విశాఖపట్నంలో వినికిడి లోపం మీద పరిశోధన చేసే కాలేజీకి ఇచ్చేశారు.

అక్కడ నన్ను పెట్టిన గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. ఎదురుగా కుర్చీలో ఒక మనిషి. నేను ‘తలుపు వేసి రా’ అని ఆగుతాను. ఆ మనిషి తిరిగి చెప్పాలి. అప్పుడు ఇంకో వాక్యం. ఏ ఇంట్లో మనుషులు ఇంత మర్యాదగా వంతులు వేసుకుని మాట్లాడుకుంటారో నాకు తెలీదు! రేడియో స్టేషన్‌లో కూడా ఒకరి మాట పూర్తికాకుండా ఇంకొకరు అందుకునేవారు.

ఒకరోజు పార్వతీశం అనే ఆయన భార్య హైమావతిని తీసుకొచ్చాడు. నేనన్న వాక్యాలన్నీ ఆవిడ దాదాపు తప్పు లేకుండా చెప్పింది.

“చూశారా మేడం? వినపడుతుంది. మా చెల్లెళ్ళు వచ్చినప్పుడు మాత్రం చెవిటిదానిలా కూర్చుంటుంది. అంతా కావాలనే,” అన్నాడాయన.

ఆవిడ తల దించుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాటకు సాక్ష్యం చెప్పింది నేనేగా!

పరీక్ష చేసే నీలవేణికీ అదే బాధ. వెనక జనం గోల వినిపిస్తూ పరీక్షిద్దామని తను ఎన్నిసార్లు అడిగినా, “మన పద్ధతిలో అది లేదమ్మా” అనేవాడు ప్రొఫెసర్. ఆ రోజు ఇక అడగలేదు. పార్వతీశాన్ని కూడా లోపల కూర్చోబెట్టి, పక్క స్పీకర్లలో నలుగురు కబుర్లాడుకునే రికార్డు పెట్టింది. నేను మళ్ళీ మొదలుపెట్టాను.

‘తలుపు వేసి రా’ అంటే ఆవిడ “పులుపు వేశారా” అంది. పార్వతీశం నవ్వాడు. తర్వాతి వాక్యానికి ఆవిడ ముందుకు వంగి చెవి ఒగ్గింది. ఏమీ చెప్పలేకపోయింది. ఆ తర్వాతి దానికీ అంతే. కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయన నవ్వు ఆగిపోయింది.

“ఇంట్లో కూడా నీకు ఇలాగే ఉంటుందా, హైమా?”

ఆ గోలలో ఆవిడకు అదీ అందలేదు. భర్త వంక చూసి చిన్నగా నవ్వి, తలూపింది.

“అయ్యో, ఇదే నవ్వు,” అన్నాడాయన నీలవేణితో. “మావాళ్ళు ఏమడిగినా ఇలాగే నవ్వుతుంది. లెక్కచెయ్యక నవ్వుతోందనుకున్నాను.”

నీలవేణి గోల ఆపేసింది.

“ఏమన్నారు?” అంది హైమావతి.

“ఏం లే...” అనబోయి ఆగాడు. కుర్చీ ఆవిడ ఎదురుగా లాక్కుని, మొదటినుంచీ అడిగాడు.

ఆ పరీక్ష లెక్కలోకి రాదన్నాడు ప్రొఫెసర్. నేనింకా ఆ గదిలోనే ఉన్నాను. మనుషులు నాకు గొంతయితే ఇచ్చారు గానీ సొంత మాట ఇవ్వలేదు. ఇచ్చుంటే ఆ ప్రొఫెసర్‌తో గట్టిగా దెబ్బలాడేదాన్ని.