మందోదరి చూసిన పట్టాభిషేకం

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదేళ్లు నిండాక. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ నింపడానికి రెండు సాయంత్రాలు పడుతుంది, ఈలోగా పొయ్యి మీద కూర మాడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఈ కథ చెప్పేది నేను కాదు, మా ఇంట్లోని తోలుబొమ్మ. ఇరవై ఏళ్లు తెర వెనక దానికి నా గొంతు ఇచ్చాను. ఇప్పుడు నా చెయ్యి ఇస్తున్నాను.

నేను ఒక తోలుబొమ్మను. నా పేరు మందోదరి, రావణుడి భార్యను. అంతకుముందు ఒక మేకను. ఎవరి మందలోదాన్నో, ఏ గట్టు మీద మేశానో గుర్తులేదు. తిమ్మప్ప తాత నా తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, మేకులు కొట్టి ఎండలో సాగదీశాడు. అవతల చెయ్యి పెడితే ఇవతలికి కనిపించేంత పలచన అయ్యేదాకా వదల్లేదు. తర్వాత సన్నటి ఉలి తీసుకుని నాకు నగలు చెక్కాడు. మనుషులకు నగలంటే బంగారం. మాకు నగలంటే చిల్లులు. ఎన్ని చిల్లులు పడితే తెర మీద అంతగా మెరుస్తాం.

కన్ను చివరికి పెట్టాడు. "ఈయమ్మ కంట్లో నీళ్లుండల్ల, కిందికి మాత్రం కారకూడదు" అని గొణుక్కుంటూ పెట్టాడు. ఆ నీళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

పుట్టిన రోజే నాకు తిప్పలు మొదలయ్యాయి. మా వాళ్ల పెట్టెకు ఒక పద్ధతి ఉంది. రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు ఒక పక్క. రావణుడు, ఇంద్రజిత్తు, శూర్పణఖ ఇంకో పక్క. మధ్యలో ఒక చాప. రెండు పక్షాల వాళ్లు ఒకరికొకరు తగిలితే లోపలే యుద్ధం చేసుకుని చిరిగిపోతారని నమ్మకం. అన్నింటికీ పైన వినాయకుడు. మరి నన్నెక్కడ పెట్టాలి?

"రావణుని పెండ్లాం రావణుని పక్కనే" అన్నాడు తాత.

"పతివ్రతను తీస్కపోయి ఆ రాక్షసుల్లో ఏస్తావా?" అని తాత భార్య ఎగిరింది. "ఆ శూర్పణఖ పక్కన ఒక పూటన్నా పండుకుంటావా నువ్వు?"

తాతకు నవ్వొచ్చింది. ఇంకో చాప తెచ్చి, రెండు చాపల మధ్య నన్ను ఒక్కదాన్నే పరిచాడు. గౌరవం చేశామని వాళ్లు అనుకున్నారు. ఆ రోజు నుంచి నాకు ఏ పక్కా లేదు. అటు దేవుళ్ల గుసగుసలు వినబడేవి, ఇటు రాక్షసుల నవ్వులు. ఏది విన్నా చాప అవతలి నుంచే.

తాతకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఓబులేసు రావణుడికి గొంతు ఇచ్చేవాడు. అతను పది తలల బొమ్మను ఎత్తి హుంకరిస్తే ముందు వరుసలో పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్లు. చిన్నవాడు సంజీవరాయుడు రాముడికీ, విభీషణుడికీ. ఓబులేసు పెళ్లాం వన్నూరమ్మ పదహారేళ్లకు ఆ ఇంటికి వచ్చింది. సీతకూ నాకూ ఆమే గొంతు. చదువు లేదు. పాట, పద్యం, మాట అంతా చెవిన పడిందే. అయినా ఆమె నన్ను తెర మీదికి తెచ్చి, "నాథా, పరుల ఇల్లాలిని పంపించెయ్" అని మొదలుపెడితే తెర అవతల ఆడవాళ్లు మాట్లాడటం ఆపేసేవాళ్లు. నాలుగు వందల ఊళ్లలో రావణుడికి ఆ మాట చెప్పాను. ఒక్క ఊళ్లోనూ ఆయన వినలేదు. వింటే ఆట అక్కడితో అయిపోతుంది కదా.

ఆట చూసి జనం బుద్ధి తెచ్చుకునేవాళ్లు. మరుసటి రోజు మధ్యాహ్నం దాకా. "రాముడు తండ్రి మాటకు అడవికి పోయినాడు, నువ్వు అంగడికి పోలేవా?" అని కొడుకులను తిట్టేవాళ్లు. "ఇంటిదాని మాట ఇనక రావణుడు ఏమైనాడో చూసినావా?" అని మొగుళ్లను ఆడవాళ్లు దెప్పేవాళ్లు. మేము పెట్టెలో పడుకుని వినేవాళ్లం. ఊరికంతా చెప్పే వాళ్ల ఇంట్లో ఆ మాట ఎవరు వినాలో అప్పటికి మాకు తెలియదు.

నాకు ఇంకో లోటు ఉండేది. రావణుడు పడిపోగానే నేను ఏడుస్తాను. అంతటితో నా పని సరి. నన్ను మడిచి పెట్టెలో పెట్టేసేవాళ్లు. ఆ తర్వాత పట్టాభిషేకం. తాళాలు, మంగళహారతి, జనం చప్పట్లు, అన్నీ మూత కింద నుంచి విన్నాను. పుట్టాక ఒక్కసారీ చూడలేదు.

రామాయణం ఆడితే పట్టాభిషేకంతోనే ముగించాలి. రావణుడి చావు మీద తెర దింపితే ఆడినవాళ్ల ఇంటికి మంచిది కాదంటారు. తాత బతికి ఉన్నన్నాళ్లు ఆ నియమం తప్పలేదు.

తాత పోయాక, ఒక కరువు ఏడు, కొండ కింది ఊరివాళ్లు వాన కోసం మమ్మల్ని పిలిపించారు. తొమ్మిది రోజుల ఆట. ఆఖరి రోజు తెల్లవారుజామున రావణుడు పడ్డాడు. నేను ఏడుపు ఎత్తుకున్నాను. సరిగ్గా అప్పుడే టపటపా చినుకులు. జనం కేకలు పెట్టుకుంటూ లేచి ఆకాశానికి మొక్కారు. నన్ను పెట్టెలో పెట్టారు కానీ ఆ హడావుడిలో మూత వెయ్యలేదు. అందుకే మిగతాది చూశాను.

"మూట కట్టండి! తోలు తడిస్తే ముడుసుకుపోతాది" అన్నాడు ఓబులేసు.

"పట్టాభిషేకం కావల్ల గదన్నా."

"వాన కోసరం ఆడినాం. వాన వచ్చె. ఇంగేం పట్టాభిషేకం?"

సంజీవరాయుడు రాముడి బొమ్మను తెరకు ఆనించి పట్టుకుని వదల్లేదు. "నాయన ఉంటే దింపనిస్తాడా?" అన్నాడు.

ఆ మాట తగిలింది. ఓబులేసు గొంతులోంచి రావణుడు ఇంకా దిగలేదు. "నాకే నీతులు సెప్తావురా, విభీషణా!" అని కాలెత్తి తమ్ముణ్ణి రొమ్ము మీద తన్నాడు. తెర కూలింది. సంజీవరాయుడు రాముడితో సహా బురదలో పడ్డాడు. వానలో గంతులేస్తున్న జనం అది కూడా ఆటే అనుకున్నారు. "మళ్లా తన్నప్పా, బలే తన్నినావు!" అని ఈలలు వేశారు.

తన్నిన కాలి కంటే ఆ ఈలలే సంజీవరాయుణ్ణి ఎక్కువ గాయపరిచాయి.

తెల్లారి పెట్టె తెరిచి చాప వెంబడి పంపకం చేసుకున్నారు. దేవుళ్ల పక్క తమ్ముడిది, రాక్షసుల పక్క అన్నది. వినాయకుడు కూడా తమ్ముడితోనే వెళ్లాడు. నా దగ్గరికి వచ్చేసరికి సంజీవరాయుడి చెయ్యి ఆగింది. "ఇది మా వదిన గొంతు. వదిన దగ్గిరే ఉండనీ" అని మూట భుజాన వేసుకున్నాడు. భార్యను తీసుకుని పావగడ అవతల అత్తగారి ఊరికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మనుషుల తెలివి చూడండి. ఓబులేసు దగ్గర రావణుడున్నాడు, రాముడు లేడు. ఆట మొదలుపెట్టడానికి వినాయకుడూ లేడు. ఒకటి రెండు ఊళ్లకు వెళితే, "రాముడు యాడప్పా? బస్సు తప్పిపోయినాడా?" అని నవ్వారు. అక్కడ సంజీవరాయుడు రావణుడు లేకుండా రామాయణం ఆడబోతే, "మీ రాముడు ఎవర్ని కొడతాడయ్యా, మమ్మల్నా?" అన్నారట. ఇద్దరూ ఆట మానేశారు. ఒకరు వేరుశెనక్కాయ కూలికి పోయారు, ఇంకొకరు గొర్రెలు కాశారు.

వన్నూరమ్మ ఊరుకోలేదు. "పోయి పిల్సకరాపోయ్యా నీ తమ్ముణ్ణి" అని సంగటి వడ్డిస్తూ చెప్పేది, నీళ్లు తోడుతూ చెప్పేది. ఓబులేసుది ఎప్పుడూ ఒకటే జవాబు.

"తన్నింది నేనా? రావణుడు ఒంట్లో ఉన్నెప్పుడు ఆ కాలు రావణునిది. దానికి నేనేం సేసేదిమే?"

ఇరవై రెండేళ్లు. పెట్టెలో నా ఎడమ పక్క ఖాళీ. చాప అవతల గుసగుసలు లేవు. ఇవతల రాక్షసులు నవ్వడం మానేశారు. తెర మీద నేను రావణుడికి చెప్పినట్టే ఆమె ఇంట్లో చెప్పింది. ఫలితమూ అదే. ఆ చీకట్లో నాకొకటి తట్టింది. నేను ఎంతసేపూ రావణుడికే చెప్పాను. సముద్రం దాటి రెండో వైపుకు ఒక్క మాట పంపలేదు. చెప్పాను కదా అన్న తృప్తితో లంకలోనే కూర్చున్నాను. వన్నూరమ్మ కూడా కూర్చుంది.

ఓబులేసుకు ఊపిరితిత్తులు చెడ్డాయి. ఒక మధ్యాహ్నం పెట్టె తెరవమన్నాడు. రావణుణ్ణి ఎత్తబోతే చేతులు లేవలేదు. పక్కనే ఉన్న నన్ను చాలాసేపు చూశాడు.

"పట్టాభిషేకం మిగిలిపాయనే" అన్నాడు. "సంజీవునికి సెప్పు. ఆ కాలు రావణునిది కాదు. నాదే. నాదేనని సెప్పు."

మూడో రోజు పోయాడు.

వన్నూరమ్మ ఆ మాటను పావగడ వైపు వెళ్లే ఒక చుట్టం నోట పంపింది. చుట్టం మర్యాదస్తుడు. చనిపోయినవాడి తప్పు తన నోటితో ఎందుకు చెప్పాలని కొంచెం మెత్తగా చేశాడు. "మీ అన్న నిన్నేం తన్నలేదంట నాయనా. అది రావణుని కాలంట" అని చెప్పి వచ్చాడు. సంజీవరాయుడు, "ఇరవై రెండేండ్లూ ఇదే మాట. ఇంగ పోయి ఏం సేసేది?" అని ఉండిపోయాడు. కర్మకు కూడా రాలేదు.

చుట్టం చెప్పింది విని వన్నూరమ్మ పెట్టె దగ్గర కూలబడింది. మొగుడు బతుకంతా మోసి చివరికి దించిన ఒక్క నిజం దారిలో తిరగబడిపోయింది. పక్కింటి అమ్మాయి ఫోన్ చేద్దామంది. "ఫోన్లో నాకు ఏడుపొస్తాది. ఏడుపులో మాట మారిపోతాది" అంది వన్నూరమ్మ. ఇంకొకరి చేత ఉత్తరం రాయించడానికి మనసొప్పలేదు. మొగుడి తప్పు పరాయి చేతిరాతలో ఎందుకు ఉండాలి?

అంగన్‌వాడీలో పెద్దవాళ్లకు సాయంత్రం చదువు చెబుతుంటే పలక పట్టుకుని వెళ్లింది. చిన్నపిల్లల బల్ల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చునేదట. "అవ్వా, ఈ వయసులో ఏం ఉద్యోగానికి పోతావు?" అని ఎవరో అంటే, "రాయబారానికి" అందట. ఇంటికి వచ్చాక పెట్టె మూత తీసి, నా ముందు కూర్చుని బొగ్గుతో గోడ మీద రాసేది. రాసిన అక్షరాలకు నేనొక్కదాన్నే సాక్షిని. ఒక ఏడాది మీద నాలుగు నెలలు పట్టింది. ఈలోగా సంజీవరాయుడు పోతే? ఆ భయం ఆమె పైకి అనలేదు. కానీ ఏ రోజూ బడి మానలేదు.

చివరికి ఒక కార్డు రాసింది. పోస్టు చేసే ముందు నాకు చదివి వినిపించింది.

"సంజీవా, మీ అన్న పోయేముందు చెప్పిన మాట. ఆ కాలు రావణునిది కాదు, నాదే. ముందు చెప్పినాయన తిప్పి చెప్పినాడు. ఇది నేనే రాసినా. పట్టాభిషేకం మిగిలింది. మీ వదిన."

పద్దెనిమిది రోజులకు, పొద్దు వాలే వేళ, గుమ్మంలో ఒక ముసలాయన నిలబడ్డాడు. భుజాన మూట. జేబులోంచి కార్డు తీసి చూపించాడు.

"ఇది నువ్వే రాసినావా వదినా?"

"నేనే అబ్బీ. గీతలు వంకరపోయినాయి."

"మాట సక్కగ ఉందిలే" అని అరుగు మీద కూర్చున్నాడు. ఆమె ఇచ్చిన నీళ్లు తాగాడు. తర్వాత పెట్టె తెరిచి రావణుణ్ణి రెండు చేతులా ఎత్తుకున్నాడు. పది తలల్లో మూడింటిని ఎలుకలు కొట్టేశాయి. ఆ చిరుగులను వేలితో తడిమాడు.

"నన్ను తన్నేదానికైనా మా అన్న ల్యాకపాయ గదా వదినా" అన్నాడు.

గుమ్మానికి వన్నూరమ్మ పాత తెల్ల చీర కట్టారు. దీపం అవసరం లేకపోయింది. పడమటి ఎండ నేరుగా వాకిట్లోకి వచ్చింది. ఆటకు ముందు నన్ను పెట్టెలో పెట్టబోయి, వన్నూరమ్మ ఆగింది. తుమ్మముల్లుతో చీర అంచుకు గుచ్చింది. సంజీవరాయుడి గొంతు జీరపోయింది. రెండు చోట్ల పద్యం మరిచిపోతే ఆమె అందించింది. తాళం లేదు, హార్మోనియం లేదు. చూడటానికి పక్కింటి అమ్మాయి, కట్టేసిన ఒక మేక. రాముడి మీద అప్పటి బురద మరక ఇంకా ఉంది. ఆ మరకతోనే సింహాసనం ఎక్కాడు.

అలా నేను పట్టాభిషేకం చూశాను. ఎంతో ఊహించుకున్నాను. చూస్తే అందరూ జంటలుగా, అన్నదమ్ములుగా నిలబడ్డారు. అంచున ఒక్కదాన్ని నేను, చీర వెనక ఒక్కతి వన్నూరమ్మ. సంతోషమే. మనది కాని సంతోషాన్ని దగ్గర నుంచి చూసే సంతోషం.

మరునాడు సంజీవరాయుడు వెళ్లిపోయాడు. గొర్రెలను ఎవరికో అప్పజెప్పి వచ్చాడట. దేవుళ్ల మూట మాత్రం ఇక్కడే వదిలాడు. వెళ్లేముందు పెట్టె సర్దుతూ, "సాప మధ్యలో ఎయ్యల్ల కదా వదినా?" అని అడిగాడు.

"ఎయ్యి. వాళ్ల పద్ధతి వాళ్లది. ఈయమ్మను మాత్రం బయటే ఉంచు" అంది.

అప్పటి నుంచి నేను గుమ్మం పక్క మేకుకు వేలాడుతున్నాను. సాయంత్రం ఎండ రాగానే ఎదురు గోడ మీద రెండు నీడలు పడతాయి. నాది ఎర్రగా, పచ్చగా, చిల్లులన్నీ మెరుస్తూ. పక్కనే కాగితం మీదికి వంగిన ఆమెది నల్లగా. మేము మాట్లాడుకోం. చెప్పాల్సింది చేరాల్సిన చోటికి చేరింది. పొద్దు కుంకేదాకా ఆమె రాస్తూ ఉంటుంది. తర్వాత ఇద్దరి నీడలూ ఒకే రంగులోకి వెళ్లిపోతాయి.

రాసింది: వన్నూరమ్మ, ఓబులేసు భార్య. వయసు అరవై నాలుగు. ధర్మవరం దగ్గర, పడమటి వాకిలి ఇంట్లో, ఒక్కతే ఉంటున్నది.