నడవలేనివాళ్లుంటే చెప్పండి

సిలార్ ఆటో పైకప్పు మీద రెండో మైకు గొట్టాన్ని తాడుతో బిగిస్తుండగా పాస్టర్ రత్నబాబు గారు కాగితం పట్టుకుని వచ్చారు. జగ్గయ్యపేటలో సువార్త సభలకు ముందురోజు ఇరవై రెండేళ్లుగా ఇదే పని. చీరల తగ్గింపు, పశువుల టీకాలు, సువార్త సభలు, ఏదైనా సిలార్ ఒకే శ్రద్ధతో చదువుతాడు. అరవై దాటి మోకాళ్లు అరిగాయి గానీ గొంతు పల్చబడలేదు.

పాస్టర్ వెనకే సంఘానికి కొత్త కార్యదర్శి కిషోర్‌బాబు వచ్చాడు.

"వచ్చే ఏడు నుంచి రికార్డింగేనండి అయ్యగారూ. నమాజు చేసుకునే మనిషి చేత ప్రభువు సభలకి పిలిపించడమేంటని నవ్వుతున్నారు."

"బైబిల్లో గాడిద చేత కూడా పలికించాడయ్యా దేవుడు."

"అంటే నేను గాడిదనా అయ్యగారూ?" అన్నాడు సిలార్ ముడి బిగిస్తూ.

ముగ్గురూ నవ్వారు. ముందు ఆపింది కిషోర్‌బాబే. "సరే సిలార్ భాయ్. నీ పిలుపు విని కదిలినోణ్ణి ఒక్కణ్ణి చూపించు. నేనే కమిటీకి చెప్పి ఈ పని నీకే ఉంచుతా."

సిలార్ కాగితం తీసుకుని ఆటో ఎక్కాడు. సభకు ఎవరొచ్చారో అతను ఎప్పుడూ చూడలేదు. సభ రోజున ఇంకో కిరాయి ఉండేది.

పెనుగంచిప్రోలు దారిలో కల్లాల నిండా మిర్చి ఆరబోసి ఉంది. ఘాటు గొంతుకు పట్టింది. సీసాలో నీళ్లు గుక్కెడు తాగి మళ్లీ మొదలుపెట్టాడు. తేదీ, చోటు, వేళ. చివర్లో కాగితంలో లేని మాటొకటి కలిపాడు. "నడవలేనివాళ్లుంటే చెప్పండి, నా ఆటోలో తీసుకెళ్తా." మంచం దిగలేని అతని తల్లి బయట పెళ్లి మేళం వినిపిస్తే మొహం గోడవైపు తిప్పుకునేది. ఆమె పోయిన ఏడాది నుంచి ఆ మాట అతని నోట్లో పడింది. ఎవరైనా చెబితే ఆ రోజు కిరాయి మానుకునేవాడే. ఇంతవరకూ ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఊళ్లో మూడో సందులో షామియానాకు కర్రలు పాతుతున్నారు. చావిల్లు. సిలార్ మైకు ఆపేసి, దారికి అడ్డంగా ఉన్న కర్రలు తీసేదాకా ఆగాడు. అరుగు మీదున్న ముసలామె లేచి వచ్చింది.

"ఆపేశావేం?"

"చావింటి ముందు వెయ్యకూడదమ్మా."

"ఇవాళ ఆపావు. నాలుగేళ్ల నుంచీ అరుస్తున్నా, ఒక్కసారన్నా ఆపలా."

ఆమె సీతారావమ్మ. తెల్లవారుజామున పోయింది ఆమె భర్త సాంబయ్య. నాలుగేళ్ల కింద ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి.

"నీ మైకు వినపడగానే చొక్కా ఇస్త్రీ చేయించమనేవాడు. ఆటో ఆపు, పో, అని నన్ను తరిమేవాడు. నేను గడప దాటేలోపు నువ్వు సందు చివరుంటావు. నా అరుపు నీకెక్కడ వినపడుద్ది, ఆ హోరులో?"

సిలార్ ఆటో దిగాడు. "తప్పయిపోయింది తల్లీ."

"తప్పు సంగతి తర్వాత. జి.కొండూరు నుంచి మా మరుదులొస్తున్నారు. వాళ్లకి ఈ సభలంటే పడదు, వాళ్లొస్తే నిన్ను గడప తొక్కనివ్వరు. ఆ కాగితం ఒక్కసారి చదివిపో నాయనా."

చెప్పులు వదిలి లోపలికెళ్లాడు. సాంబయ్య తల దగ్గర కూర్చుని, మైకు లేని గొంతుతో, పక్కమనిషికి చెప్పినట్టు చదివాడు. తేదీ, చోటు, వేళ. అక్కడితో కాగితం మడిచాడు.

"ఆ చివరి మాట కూడా చెప్పు," అంది సీతారావమ్మ.

చెప్పాడు.

బయట కారు హారన్ వినిపించింది. సిలార్ ఆటో ఎక్కి సందు దాటాక కిషోర్‌బాబు ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావ్ భాయ్? దొరికాడా ఎవడన్నా?"

సాంబయ్య పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పేరుతో పని నిలబడుతుంది. కానీ పిలిచిందీ తనే, ఆగకుండా పోయిందీ తనే.

"లేదండి. రికార్డింగే చేయించుకోండి," అన్నాడు.

మిగిలిన ప్రతి సందులోనూ ఆ చివరి మాట అన్నాక ఇంజను ఆపాడు. ఏ తలుపైనా తెరుచుకుంటుందేమోనని చూస్తూ కూర్చున్నాడు.

నాలుగింటికి తిరిగి మూడో సందులోంచే రావాల్సి వచ్చింది. శవాన్ని తీసుకెళ్లిపోయారు. వాకిలి కడిగి ఉంది, ఇంకా ఆరలేదు. తలుపు బార్లా తీసి ఉంది. లోపల మేకుకు తెల్లచొక్కా వేలాడుతోంది. తొడిగించబోతే సాంబయ్య చేతులు బిగుసుకుపోయి వంగలేదేమో, ఇస్త్రీ మడత ఒక్కటీ చెదరలేదు.