ఎండాకాలం కార్డు

కల్పలత మెంతికూర తుంచుతుండగా జయకృష్ణ వచ్చాడు. ఆమె భర్త మధుసూదన్ పెద్దకర్మ అయి నాలుగు రోజులైంది. అతను పనిచేసిన ఫ్లయింగ్ క్లబ్బులోనే జయకృష్ణ కూడా శిక్షకుడు.

"వదినా, అన్న కార్డు మీద అన్న ఫొటో పెట్టి స్టూడెంట్లందరికీ ఇద్దామనుకుంటున్నం. అసలుది ఉందా?"

"ఇచ్చెయ్యి కల్పా," అంది అత్తగారు విజయమ్మ. "నీకేం పని దాంతోని? మావోని పేరుంటది."

అరచేయంత కార్డు. చిన్న విమానం ఏ ఎత్తున, ఎంత వేడిలో ఎగురుతుంటే, ప్రొపెల్లర్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో, గంటకు ఎన్ని లీటర్ల ఇంధనం ఖర్చవుతుందో అందులో ఉంటుంది. కంపెనీ పుస్తకంలో ఎత్తులు రెండేసి వేల అడుగులకు, వేడి ఇరవయ్యేసి డిగ్రీలకు ఒక వరుస. ఇక్కడి మే నెల ఎప్పుడూ ఆ వరుసల మధ్యే పడుతుంది. ఆ ఖాళీలను ఏటా మార్చిలో లెక్కగట్టి నింపేది మల్కాజ్‌గిరి బడిలో లెక్కల టీచరైన కల్పలత. ఆదివారం పూట, ఒక వాయి ఇడ్లీకీ ఇంకో వాయికీ మధ్య. "నీ రాత మంచిగుంటది, జెర నీట్‌గ రాసియ్యి," అనేవాడు మధుసూదన్, అదంతా చేతిరాత పనే అయినట్టు. క్లబ్బు వార్షికోత్సవంలో ఆ కార్డుకు చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. అక్కడే, తననూ ఒకసారి విమానంలో పైకి తీసుకెళ్లమని అడిగితే, "నీకు కళ్లు తిరుగుతయ్. నీ లెక్కలు నేల మీదనే మంచిగుంటయ్," అన్నాడు. అందరూ నవ్వారు. అతను చెడ్డవాడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అతని చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి.

కార్డు తెచ్చి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

"కొత్త ప్రొపెల్లర్ ఏసిన్రంట కదా?"

"అవును వదినా. పోయిన నెలనే."

"అయితే ఇది పనికిరాదు. అన్నే చుట్లు తిరిగినా కొత్తది ఇంజన్ నుంచి ఎక్కువ శక్తి గుంజుతది, ఎక్కువ తాగుతది. పిల్లలు ఈ అంకెలు నమ్మి దూరం పోతే, తిరిగొచ్చేలోపల ట్యాంకు ఖాళీ అయితది."

జయకృష్ణ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అన్న ఉంటే కొత్తది చేసేటోడు."

"చేసేదాన్ని నేనే."

"ఏందే గది?" విజయమ్మ గొంతు పెంచింది. "మావోడు లెక్కలేసుడు నేను కళ్లతోని సూసిన."

"మీరు చూసింది, నేను రాసినదాన్ని ఆయన చదువుకునుడు, అత్తమ్మా."

జయకృష్ణ ఆమె చేతిలోని కార్డు వైపు చూశాడు. "అయితే మీరే కొత్తది జెర రాసియ్యుండ్రి వదినా."

కల్పలత చేతికంటిన మెంతాకు దులుపుకుంది.

"పుస్తకం చూసి రాస్తే చాలదు. ఎండలో గంటసేపు ఎగిరి, ఎంత తాగిందో కొలవాలె."

"నేను కొలిచి ఫోన్ చేస్త."

"వద్దు. పక్క సీట్ల నేను కూసుంట. ఎన్ని గంటలకు రావాల్నో చెప్పు."

"నీకు కళ్లు తిరుగుతయని వాడు చెప్పిండు కదనే!" అంది విజయమ్మ.

"తిరగనీయండి అత్తమ్మా. ఎన్ని అడుగుల మీద తిరిగినయో అది సుత రాసుకుంట."