ఒకే ఇంట్లో రెండు రిపోర్టులు

"జర ఎల్లిగడ్డ ఎక్కువెయ్యి, నెత్తురు పల్చగయితదట," అన్నాడు రామ్‌కిషన్, అద్దం ముందు చొక్కా చేతులు మడుచుకుంటూ. భార్య మనోరమ అప్పటికే వెల్లుల్లి దంచుతోంది. దంచుతూనే నానిన మెంతులు వడగట్టింది, ఆయన సీసాలో నీళ్ళు నింపింది, బడికి కట్టుకుపోయే చీర ఇస్త్రీ కాలేదని గుర్తు తెచ్చుకుంది.

ఆరు నెలల కింద హైదరాబాదులో డాక్టరు, ఒంట్లో మగ హార్మోను తక్కువైందని ఆయనకు టెస్టోస్టిరాన్ సూదులు రాశాడు. నీరసం పోయింది, ముఖానికి కళ వచ్చింది. ఆ వెనకే హెమటోక్రిట్ పెరిగింది. అంటే నెత్తురులో ఎర్రకణాల పాలు హద్దు దాటింది. చిక్కబడ్డ నెత్తురు గడ్డకడితే పక్షవాతం రావచ్చని విన్న రోజు నుంచి మనోరమకు అదే దిగులు. రామ్‌కిషన్ మాత్రం, "తిండితోటి తగ్గుతదట. తిండి నీ పనే గద, చూస్కో," అన్నాడు. అంతే, ఆయన నెత్తురు ఆమె వంటింటి పనుల్లో ఒకటైపోయింది.

అత్త తారాబాయికి ఆ దిగులే అర్థం కాలేదు. "నెత్తురు ఎక్కువుంటే దిష్టి తియ్యాలె గని దవాఖానకెందుకే పిల్లా? నీకు లేదని వానికుంటే ఓర్వలేవా?" అని నవ్వి, కొడుక్కి పొద్దున బీట్‌రూట్ రసం, రాత్రి ఖర్జూరాలు పెట్టేది. జిమ్ దోస్తు అఖిలేష్ బలానికని ఇచ్చిన తాకత్ గోలీలు వీటికి తోడు. మనోరమ పాఠానికీ పాఠానికీ మధ్య ఫోన్ చేసి "నీళ్ళు తాగిన్రా?" అని అడిగేది. "తాగిన తియ్యి, పోలీసోని లెక్క అడుగుతవ్," అనేవాడు. ఆమె తాగిందో లేదో అడిగినవారు లేరు. మెట్లెక్కితే ఆయాసమొస్తోందని ఒకసారి చెబితే, "పనిచేసే ఒళ్ళు, గట్లనే ఉంటది," అన్నారు తల్లీకొడుకులు.

ఆయన రెండో రిపోర్టులో అంకె ఇంకా పెరిగింది. "నువ్వు సక్కగ చూస్తలేవ్," అన్నాడాయన. ఆ మాట ఆమెను బడిదాకా వెంటాడింది. ఎక్కడ తప్పింది? ఉప్పులోనా, నూనెలోనా? పరీక్ష రాసింది ఆయన నెత్తురు, తప్పింది తనా?

పట్టుబట్టి ఊళ్ళోనే డాక్టర్ తహ్రీమ్ దగ్గరికి తీసుకెళ్ళింది. "సూది ఎన్ని రోజులకోసారి?" అని డాక్టరమ్మ అడిగితే, రామ్‌కిషన్ అలవాటుగా భార్య వైపు చూశాడు.

"ఆమెనెందుకు చూస్తరు? సూది మీకు గద!"

ఆయన గొంతు తగ్గింది. "మూడు వారాలకోసారి రాసిన్రు మేడం. అఖిలేష్ చెప్పిండని... వారానికోసారి ఏసుకుంటున్న."

మనోరమ తన వేళ్ళ వైపు చూసుకుంది. ఎన్నిసార్లు కడిగినా వాటికి ఎల్లిగడ్డ వాసన పోలేదు.

"మెంతులు, ఎల్లిగడ్డలు గా సూదిని గెలుస్తయా?" అంది డాక్టరమ్మ, మనోరమ వంటింటి తిప్పలన్నీ విని. ఆమె సంచిలోంచి తీసిచ్చిన తాకత్ గోలీల సీసా తిప్పి చూసింది. "ఇండ్ల ఐరన్ ఉన్నది. ఇయ్యాలనే బంద్ చెయ్యుండ్రి. నీళ్ళు తాగుండ్రి, జేబుల గా సిగరెట్లు మానుండ్రి. రాసిన డాక్టరుతోటి నేను మాట్లాడేదాక సూది ముట్టొద్దు. అవసరమైతే కొంత నెత్తురు తీయాల్సొస్తది." చెబుతూనే మనోరమ కింది రెప్ప లాగి చూసింది. "మీదెప్పుడు పరీక్ష చేయించిన్రు?"

సాయంత్రానికి ఆమె రిపోర్టూ వచ్చింది. హిమోగ్లోబిన్ ఎనిమిది; ఉండాల్సింది పన్నెండుకు పైన. డాక్టరమ్మ ఆమెకు ఐరన్ గోలీలు రాసి, "కార్జం, ఆకుకూర కడుపునిండ తినుండ్రి," అంది.

ఆదివారం మనోరమ కార్జం, అదే మేక కాలేయం, వండింది. రామ్‌కిషన్ కంచం ముందు కూర్చుని ఫోన్ చూస్తూ, "అఖిలేష్ ఏదో చేపనూనె గోలీ చెప్తున్నడు. ఏసుకోవాల్నా?" అన్నాడు.

"తిండి నేను వండుత. మీ నెత్తురు మీరే చూస్కోండ్రి. డాక్టరమ్మ నంబరు మీ ఫోన్ల ఉన్నది."

గొంతు పెంచలేదు. ఆయన నంబరు నొక్కాడు. "మేడం, నేను రామ్‌కిషన్‌ను..." ఆ గొంతులో కోపం లేదు. ఆమెకు ఆ మాత్రం చాలు. మగవాళ్ళు తిని లేచేదాకా ఆడవాళ్ళు తినని ఆ ఇంట్లో, ఆయన పక్కనే తన కంచం పెట్టుకుని కూర్చుంది. కార్జం ముందు తనకే వడ్డించుకుంది.

తారాబాయి గడపలో ఆగిపోయింది. మనోరమ తిట్టుకు సిద్ధపడింది. ముసలామె ఆ కంచం వైపే చూసి చూసి, మెల్లగా అంది: "నాకు గూడ ఎప్పుడు నెత్తురు తక్కువే అన్నరు పిల్లా. సూదులేసిన్రు గని, కార్జం ముక్క ఎవ్వరు పెట్టలే."

మనోరమ పక్కకు జరిగి, ఇంకో కంచం పెట్టింది.