ఆల్చిప్పలు తొందరపడ్డ రోజు

ఓడలో వంటచేసే మొగుడు మధ్యాహ్నం రేవు గేటు దగ్గరికి వస్తానన్నాడు. సాయంత్రానికల్లా ఓడ మళ్ళీ వెళ్ళిపోతుంది. అతన్ని చూసి ఏడాది దాటింది. ఆమె పొద్దున్నే తలంటుకుని, కొత్త చీర సంచిలో పెట్టుకుని, ఆల్చిప్పలు పెంచే షెడ్డులో పనికి వచ్చింది.

షెడ్డు నడిపే మేడం ఒక్కో ఆల్చిప్పకీ సూదిమందు వేస్తోంది.

"దీన్ని న్యూరోపెప్టైడ్ అంటారు. వాటి నరాల్లో పుట్టే కబురులాంటిది. గుడ్లు వదిలే వేళయిందని చెబుతుంది. రేపటికి గానీ వినిపించుకోవులే. నువ్వు మధ్యాహ్నం వెళ్ళిరా."

"మా ఆయనకన్నా నయం. ఒక్కరోజులో వింటాయి," అంది తొట్లు కడిగే పెద్దక్క.

మధ్యాహ్నం ఆమె చీర మార్చుకుని గుమ్మం దాటబోతుంటే తొట్టిలో పాలచారలాంటిది లేచింది. ఒక మగది బీజం వదలడం మొదలుపెట్టింది. దాన్ని చూసుకుని పక్కది, ఆపైన ఇంకోటి. గుడ్లు వదులుతున్న ఆడవాటిని వెంటనే తీసి విడివిడి గిన్నెల్లో వెయ్యకపోతే అన్నీ పాడైపోతాయి.

"నువ్వు పోవే పిల్లా, మేం చూసుకుంటాం," అంది పెద్దక్క. అందే గానీ ఆవిడ చేతులు రెండూ నిండిపోయాయి. మేడం ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఇవి పాడైతే మళ్ళీ ఏడాది ఆగాలి. ఏడాది ఎదురుచూడ్డమంటే ఏమిటో ఆమెకి తెలుసు. కొంగు బొడ్లో దోపుకుని తొట్టిలో చేతులు పెట్టింది.

ఫోను మోగితే పెద్దక్క తడిచేత్తోనే తీసి ఆమె చెవికి ఆనించింది.

"ఎక్కడున్నావ్?"

"వస్తున్నా. మీరు కదలకండి."

"ఆ మాట ఓడకి చెప్పు," అని నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఫోను తెగింది.

పని తెమిలేసరికి ఎండ దిగింది. గిన్నెల్లోని గుడ్లు చూస్తూ మేడం అంది: "రేపటికి పిల్లలై ఈదుతాయి. కొన్నాళ్ళు తిరిగి తిరిగి, నచ్చినచోట అతుక్కుంటాయి. ఇక్కడే ఆగమని చెప్పేవీ ఇలాంటి కబుర్లే. ఆపైన కదలమన్నా కదలవు."

మనుషులకి అలాంటి మందు లేదా అని అడగబోయి, సిగ్గేసి ఊరుకుంది.

తడి చీరతోనే రేవుకి పరుగెత్తింది. ఓడ అప్పటికే గట్టు వదిలేసింది. పైన అంచు కమ్మీల వెంబడి అందరూ ఒకే రంగు బట్టల్లో ఉన్నారు. ఒక్క ముఖమూ ఆనలేదు.

ఎవరికని చెయ్యి ఊపాలి? అందరికీ కలిపి ఊపింది. ఒకడు చెయ్యెత్తాడు. పక్కవాడు ఎత్తాడు. చూస్తుండగానే వరసంతా చేతులు లేచాయి.

ఓడ చుక్కంతయ్యేదాకా ఆమె చెయ్యి దించలేదు.